పాత ఇంగ్లిష్ పిల్లల పుస్తకాల్లోని ఫెయిరీ బొమ్మ: సిరా గీతతో, పల్చటి రంగు పొరలతో వేసే పద్ధతి

1905 నుంచి 1920ల దాకా లండన్‌లో అచ్చయిన పిల్లల పుస్తకాల్లో ఫెయిరీ (ఇంగ్లిష్ కథల్లోని రెక్కలున్న చిట్టి మాయజీవి) బొమ్మలకు ఒక ప్రత్యేకమైన మసక వెలుగు ఉంటుంది. బొమ్మంతా పసుపు కలిసిన గోధుమ ఛాయ పరుచుకుని ఉంటుంది. దాని లోపల చెట్ల వేళ్లు, ముడతలు పడ్డ బెరడు, రెక్కల ఈనెలు సన్నని సిరా గీతల్లో తేటగా కనిపిస్తాయి. ఇలాంటి బొమ్మ వేయబోయేవాళ్లు చాలామంది రంగులన్నీ వేసేశాక చివర్లో టీ డికాక్షన్ పూసో, ఫోన్‌లో ఫిల్టర్ పెట్టో ఆ పాతదనం తేవాలని చూస్తారు. అలా రాదు. ముందు గీత పని పూర్తి కావాలి. ఆ గీతకు అడ్డురాని రంగును పల్చగా, పొర మీద పొరగా వేయాలి. ఈ వరుస ఎందుకో తెలియాలంటే అప్పటి అచ్చు పని గురించి కాస్త తెలుసుకోవాలి. కింద చెప్పే ప్రతి అడుగుకూ కారణం అక్కడే ఉంది.

అచ్చు యంత్రం నేర్పిన పద్ధతి

19వ శతాబ్దంలో పిల్లల రంగుల పుస్తకాలు ఎక్కువగా చెక్క దిమ్మెలతోనే అచ్చయ్యేవి. 1870 నాటి 'ఇన్ ఫెయిరీలాండ్'లో రిచర్డ్ డోయల్ వేసిన ఫెయిరీలను ఎడ్మండ్ ఎవాన్స్ ఒక్కో రంగుకు ఒక్కో దిమ్మె చొప్పున చెక్కి అచ్చువేశాడు. అంటే చిత్రకారుడి గీతను చెక్కేవాడు మళ్లీ గీయాల్సిందే. 1890లలో మూడు రంగుల హాఫ్‌టోన్ పద్ధతి, అంటే ఛాయల్ని సన్నని చుక్కలుగా మార్చి అచ్చువేయడం, వాడుకలోకి వచ్చింది. బొమ్మను రంగుల ఫిల్టర్ల గుండా మూడుసార్లు ఫొటో తీసి పసుపు, ఎరుపు, నీలం రంగులకు మూడు లోహపు బ్లాకులు చేసి, ఒకదాని మీద ఒకటి అచ్చువేసేవారు. చెక్కేవాడి అవసరం తీరిపోయింది కానీ కొత్త చిక్కులు వచ్చాయి. మూడు బ్లాకుల్లో ఏ ఒక్కటి వెంట్రుకవాసి పక్కకు జరిగినా అంచులు చెదిరిపోతాయి. నలుపుకు విడిగా బ్లాకు లేదు కాబట్టి మూడు రంగులూ కలిసిన చోట చిక్కటి నలుపు రాదు, గోధుమ నలుపే వస్తుంది.

ఈ పరిమితుల్ని బలంగా మార్చుకున్నవాడు ఇంగ్లిష్ చిత్రకారుడు ఆర్థర్ రాకమ్ (1867–1939). ఆకారమంతటినీ సిరా గీతకు అప్పగించి, రంగుల ఘాటు తగ్గించాడు. గీత గట్టిగా ఉంటే రంగు కాస్త జరిగినా కన్ను పట్టించుకోదు. రంగులు ఒకదానికొకటి దగ్గరి ఛాయల్లో ఉంటే జరిగిందన్న సంగతే తెలియదు. 1905లో 'రిప్ వాన్ వింకిల్'కు 51, మరుసటి ఏడాది 'పీటర్ పాన్ ఇన్ కెన్సింగ్టన్ గార్డెన్స్'కు 50 రంగుల బొమ్మలు వేశాడు. హాఫ్‌టోన్ చుక్కలు చక్కగా పడాలంటే బంకమట్టి పూత ఉన్న నున్నని ఆర్ట్ పేపర్ కావాలి. కథ అచ్చయిన కాగితం గరుకుగా ఉండేది. అందుకే బొమ్మల్ని వేరుగా అచ్చువేసి, చాలా పుస్తకాల్లో ముదురు రంగు దళసరి కాగితం మీద అంటించి, పైన టిష్యూ కప్పి బైండు చేసేవారు.

అందరూ ఇదే దారిలో నడవలేదు. ఎడ్మండ్ డ్యులాక్ (1882–1953) ఆకారాన్ని కూడా రంగుతోనే నిలబెట్టాడు. వార్విక్ గోబుల్ (1862–1943) మెత్తని రంగులతో వేశాడు. 1912లో వచ్చిన 'ఫోక్-టేల్స్ ఆఫ్ బెంగాల్' బొమ్మలు ఆయనవే. మన దేశపు కథలకు ఈ తరహా పుస్తకం ఎలా ఉంటుందో చూడాలంటే దాన్ని తిరగేయాలి. కానీ నేర్చుకునేవాళ్లకు రాకమ్ దారే మేలు. గీతలోని తప్పు రంగు వేయకముందే బయటపడుతుంది, అప్పుడే సరిదిద్దుకోవచ్చు.

సామాను

కాగితం విషయంలో రాజీ పడకండి. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు), నూరు శాతం కాటన్, హాట్ ప్రెస్ రకం కావాలి. హాట్ ప్రెస్ అంటే నున్నని ఉపరితలం. దుకాణాల్లో ఎక్కువగా దొరికే కోల్డ్ ప్రెస్ గరుకు మీద పాళీ ఎగిరెగిరి పడుతుంది, దాని మొనలో పీచు చిక్కుకుంటుంది, గీత వెంట సిరా పాకుతుంది. ఎ3 షీటు తీసుకుని అందులో 20 × 28 సెంటీమీటర్ల బొమ్మ వేయండి. ఈ కొలతకు కారణం ఉంది. దాన్ని 5 × 7 అంగుళాలకు, అంటే పుస్తకంలో ఇమిడే సైజుకు తగ్గిస్తే నిష్పత్తి సరిగ్గా కుదురుతుంది. గీతలు 63 శాతానికి తగ్గి ఇంకా సన్నబడతాయి, చిన్న తడబాట్లు కలిసిపోతాయి.

సిరా వాటర్‌ప్రూఫ్ డ్రాయింగ్ ఇంక్ అయి ఉండాలి. సీసా మీది మాట చూసి నమ్మకండి. వాడబోయే కాగితం మీదే నాలుగు గీతలు గీసి ఒక రోజు ఆరనిచ్చి, తడి కుంచెతో పదిసార్లు రుద్దండి. బూడిద రంగు కారితే ఆ సిరా ఈ పనికి పనికిరాదు. ఇలాంటి సిరాల్లో చాలావాటిలో లక్క ఉంటుంది, కాబట్టి ఫౌంటెన్ పెన్నులో పోస్తే గడ్డకట్టి పెన్ను పాడవుతుంది. ముంచి రాసే పాళీ, దానికో హోల్డరు తీసుకోండి. చేయి తిరగనివాళ్లకు జపాన్ 'జి' పాళీ మంచిది, గట్టిగా ఉంటుంది. ముఖాలకు, రెక్కలకు గిల్లట్ 290, 303 లాంటి మెత్తని పాళీలు ఉంటే ఇంకా బాగు. కొత్త పాళీకి తుప్పు పట్టకుండా నూనె పూత పెడతారు. గిన్నెలు తోమే లిక్విడ్ చుక్కతో కడిగి తుడవకపోతే సిరా పాళీకి అంటకుండా బొట్టుగా జారిపోతుంది.

నీటిరంగులు (వాటర్ కలర్స్) ఆరు చాలు: రా సియెన్నా, రా అంబర్, బర్న్ట్ సియెన్నా, అల్ట్రామెరీన్, విరిడియన్, పర్మనెంట్ అలిజరిన్ క్రిమ్సన్. క్రిమ్సన్ ట్యూబు మీద రంగుపదార్థం కోడ్ పీఆర్ 83 అని ఉంటే వదిలేయండి, వెలుతురు తగిలితే కొన్నేళ్లకు వెలిసిపోతుంది. కాడ్మియం రంగులు, సెరూలియన్, తెలుపు ఈ పద్ధతికి సరిపడవు. అవి పారదర్శకం కావు. నల్లగీత మీద పడితే పైన సున్నపు తెరలా నిలిచి గీతను బూడిద చేస్తాయి. చౌకరకం విద్యార్థుల రంగుల్లో కలిపే పొడి కూడా ఇదే పని చేస్తుంది. ఆరు రంగులూ ఆర్టిస్ట్ రకం కొనలేకపోతే, ఎక్కువ పొరల్లో వాడే రా సియెన్నా, అల్ట్రామెరీన్ రెండైనా మంచివి కొనండి.

కుంచెలు మూడు: 2, 6 నంబరు గుండ్రనివి, ఒక అంగుళం వెడల్పు చదునుది. ఇవి కాక 2హెచ్ పెన్సిలు, నీడబుల్ ఇరేజర్ (పిండిలా పిసికే మెత్తని రబ్బరు), ట్రేసింగ్ పేపరు, గమ్ టేపు (తడిపితే అంటుకునే కాగితపు టేపు), ప్లైవుడ్ బోర్డు, డిస్టిల్డ్ వాటర్ సీసా.

1. కూర్పు, కొలత

ముందు చిత్తుకాగితం మీద 5 × 7 సెంటీమీటర్ల చిన్న పెట్టెలు గీసి, వాటిలో వెలుగునీడల ముద్దలు మాత్రమే పెట్టి చూడండి. ముఖాలు, రెక్కలు ఇప్పుడే వద్దు. ఈ దశలో తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఫెయిరీ ఎంత చిన్నది?

చూసేవాళ్లకు సైజు తెలిసిన వస్తువు పక్కన ఉంటేనే చిన్నతనం తెలుస్తుంది. పిచ్చుక దాదాపు 15 సెంటీమీటర్ల పిట్ట. ఫెయిరీ దాని భుజానికి వచ్చేలా నిలబడితే ఆమె ఎంతటిదో ఇంకేం చెప్పనక్కర్లేదు. పుట్టగొడుగు, రాలిన ఆకు, నత్త కూడా పనికొస్తాయి. కానీ ఒక బొమ్మలోని వస్తువులన్నీ ఒకే కొలతకు లోబడాలి. ఆకు పిచ్చుకంత, పుట్టగొడుగు గొడుగంత ఉంటే కొలత తప్పి, ఫెయిరీ మామూలు పిల్లలా కనిపిస్తుంది.

చూపు ఎత్తు ఇంకా ముఖ్యం. దిగంత రేఖను ఫెయిరీ తల ఎత్తుకు దించండి. అంటే మనం నేలకు చెంప ఆనించి చూస్తున్నట్టు ఉండాలి. అప్పుడు చెట్టు వేళ్లు కోటగోడల్లా లేస్తాయి. నిలబడ్డ మనిషి చూపుతో పైనుంచి గీస్తే ఆమె నేలమీద పడేసిన బొమ్మలా కనిపిస్తుంది. ఫెయిరీ బొమ్మ ఎత్తులో మూడో వంతు మించకూడదు. మిగిలినదంతా చెట్టుకు, పొగమంచుకు వదలండి. ఈ తరహా బొమ్మల్లో చెట్టుకూ ఒక పాత్ర ఉంటుంది. కెన్సింగ్టన్ గార్డెన్స్‌ లండన్ నడిబొడ్డునున్న పార్కు, రాకమ్ అక్కడి చెట్లనే గీశాడు. మీకు మర్రి, రావి, చింత దగ్గరుంటే వాటి మొదళ్లే గీయండి. ఫొటోలోని ఓక్ చెట్టుకన్నా ఎదురుగా ఉన్న చింత మొదలు ఎక్కువ నేర్పుతుంది.

2. శరీరం, రెక్కలు

నాజూకైన పెద్దవయసు ఫెయిరీకి మొత్తం ఎత్తు తల పొడవుకు ఏడున్నర రెట్లు పెట్టండి. చిన్నపిల్లలాంటి ఫెయిరీకి ఐదు నుంచి ఐదున్నర రెట్లు. గడ్డం పెంచిన మరుగుజ్జులకు మూడున్నర, నాలుగు రెట్లు. వాళ్లకు ముక్కు, చేతులు, పాదాలు పెద్దవిగా ఉండాలి. ఈ మూడు రకాల్నీ ఒకే బొమ్మలో పక్కపక్కన పెడితే బొమ్మకు ప్రాణం వస్తుంది.

ఎక్కువమంది తప్పు చేసేది రెక్కల దగ్గరే. రెక్క భుజం చివర నుంచి మొలవదు. వీపు మీద, రెండు భుజపుటెముకల మధ్య నుంచి రావాలి. ఎదురుగా నిలబడ్డ ఫెయిరీకి ఆ మొదలు మనకు కనిపించదు, భుజాల వెనుక నుంచి లేస్తున్నట్టు గీయాలి. పొడవు కనీసం మెడ నుంచి మోకాలి దాకా ఉంటే తప్ప ఒంటిని మోస్తుందన్న నమ్మకం కలగదు.

తూనీగ రెక్కను దగ్గరగా చూడండి. ముందంచు మందంగా, దాదాపు తిన్నగా ఉంటుంది. ఆ అంచు మధ్యలో చిన్న నొక్కు ఉంటుంది, కొనకు కాస్త ముందు ముదురు రంగు గడి ఒకటి ఉంటుంది. ఈనెలు ముందంచు దగ్గర పొడవుగా, దిట్టంగా నడిచి, వెనక అంచుకు వచ్చేసరికి సన్నని గళ్ల వలగా మారతాయి. ఈ నాలుగు విషయాలు పాటిస్తే చాలు, గళ్లన్నీ లెక్కపెట్టి గీయనక్కర్లేదు. అన్ని ఈనెలూ ఒకే మందంలో గీస్తే రెక్క దోమతెర ముక్కలా ఉంటుంది. సీతాకోకచిలుక రెక్కలైతే ముందు జత వెనక జతను కొంత కప్పుతుందని గుర్తుంచుకోండి.

1923లో 'ఫ్లవర్ ఫెయిరీస్' మొదటి పుస్తకం వేసిన సిసిలీ మేరీ బార్కర్ (1895–1973) తన అక్క నడిపిన కిండర్‌గార్టెన్ పిల్లల్నే ఎదురుగా నిలబెట్టి గీసింది. పుల్లలు, పల్చటి గుడ్డతో రెక్కలు కట్టింది. మీరూ సన్నని తీగ వంచి, దాని మీద పాత నైలాన్ చున్నీ బిగించి, కిటికీ ముందు పట్టుకుని చూడండి. వెలుతురు వెనక నుంచి వస్తే అంచు మెరుస్తుంది, మడత పడ్డ చోట ముదురుతుంది. ఇది ఊహించి గీసేది కాదు.

1917లో ఇంగ్లండ్‌లోని కాటింగ్లీ ఊరి అమ్మాయిలు ఇద్దరు ఒక పిల్లల పుస్తకంలోని బొమ్మల్ని ఆధారంగా తీసుకుని కాగితపు ఫెయిరీలను కత్తిరించి, టోపీ పిన్నులతో నిలబెట్టి ఫొటో తీశారు. మొదటి ఫొటోలో వెనకున్న జలపాతం కదలికకు మసకబారింది, ఎగురుతున్న ఫెయిరీల రెక్కలు మాత్రం కత్తితో కోసినంత పదునుగా ఉన్నాయి. బొమ్మ వేసేవాళ్లకు ఇది మంచి పాఠం. ఎగిరే ఫెయిరీ రెక్క కొనల్ని పూర్తిగా గీయకుండా గీతను మధ్యలో తెంచి, అంచును రంగులో కలిపేయండి. వాలి కూర్చున్నదానికి మాత్రమే అంచంతా గీయండి.

3. కాగితం బిగించి, బొమ్మ దించడం

కాగితాన్ని చన్నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, నీళ్లు ఓడ్చి, బోర్డు మీద పరిచి నాలుగు అంచులా గమ్ టేపు వేయండి. రాత్రంతా బోర్డును చదునుగా ఉంచండి. నిలబెట్టి ఆరబెడితే పైభాగం ముందుగా ఆరి టేపు ఊడుతుంది. ఇలా బిగించిన కాగితం తర్వాత ఎన్ని పొరలు వేసినా అలలు లేవదు.

పెన్సిలు పని అంతా వేరే కాగితం మీదే ముగించండి. అసలు కాగితం మీద చెరిపి గీసి, చెరిపి గీసి చేస్తే దాని పైపూత లేస్తుంది. ఆ చోట సిరా పీచుల వెంట పాకి, గీత వెంట్రుకలు మొలిచినట్టు అవుతుంది. ట్రేసింగ్ పేపరు మీద బొమ్మ ఎత్తి, వెనక పెన్సిలు పొడి రుద్ది, 2హెచ్‌తో తేలికగా దించండి. నొక్కితే గాడి పడుతుంది, తర్వాత రంగు ఆ గాడిలో నిలిచి నల్లగా తేలుతుంది.

4. సిరా

మూడు మూతలు తీసుకోండి. మొదటిదాంట్లో అసలు సిరా. రెండోదాంట్లో ఒక వంతు సిరాకు రెండు వంతుల డిస్టిల్డ్ వాటర్. మూడోదాంట్లో ఒకటికి ఐదు వంతులు. బోరు నీళ్లు కలిపితే వాటిలోని లవణాలకు సిరా విరిగి రవ్వలు కడుతుంది. ఎక్కువ నీళ్లు కలిసిన సిరాలో పట్టు కూడా తగ్గుతుంది కాబట్టి మూడో మూతలో సిరాకు తడి పరీక్ష మళ్లీ చేయాలి. పుస్తకంలో కనిపించే గోధుమ నలుపు కావాలంటే నల్ల సిరాలో వాటర్‌ప్రూఫ్ సెపియా (ముదురు గోధుమ సిరా) సగానికి సగం కలపండి. నలుపు కన్నా ఇదే ఈ బొమ్మలకు నప్పుతుంది.

దూరంగా ఉన్నవి మూడో సిరాతో మొదలుపెట్టండి: పొగమంచులో చెట్లు, కొమ్మల చివర్లు. రెక్క గుండా కనిపించే కొమ్మలు, గడ్డి కూడా ఈ సిరాతోనే గీయాలి. రెక్క పారదర్శకంగా ఉందని చెప్పేది ఈ గీతలే, రంగుతో ఆ పని జరగదు. మధ్య దూరానికి రెండోది. దగ్గరి వేళ్లు, బట్టల మడతలు, ముఖం, జుట్టుకు మొదటిది.

పాళీని సగం దాకా ముంచి, సీసా అంచుకు ఒకసారి ఆనించి తీయండి. గీతను ఎప్పుడూ మీ వైపుకు లాగండి, పైకి తోస్తే మొన కాగితంలో గుచ్చుకుని సిరా చిమ్ముతుంది. ఒంపు తిరగాల్సి వస్తే చేతిని కాదు, బోర్డును తిప్పండి. గీత మధ్యలో చీలి రెండు పట్టాల్లా వస్తుంటే సిరా అయిపోయిందని అర్థం, ఒత్తిడి పెంచకుండా మళ్లీ ముంచండి. ఐదు నిమిషాలకోసారి తడి గుడ్డతో పాళీ తుడవకపోతే లక్క గట్టిపడి గీత మొద్దుబారుతుంది.

బెరడు గీతలు చెట్టు గుండ్రదనాన్ని చుట్టి వెళ్లాలి. వేరు నేలలోకి దిగే చోట దగ్గరగా, వెలుగు తగిలే మోచేతి ఒంపు దగ్గర దూరంగా ఉండాలి. చెట్టు మొత్తాన్ని ఒకే సాంద్రతతో నింపేస్తే రంగు పడ్డాక ఊపిరాడదు. గీత పని ముగిసేసరికి కాగితంలో సగానికి పైగా ఖాళీ మిగలాలి.

ముఖంలో ఎంత తక్కువ గీస్తే అంత మంచిది. పై కనురెప్ప, కంటిపాప, ఒక ముక్కుపుటం, పెదవుల మధ్య గీత. కింది రెప్పను పూర్తిగా గీస్తే వయసు మీద పడుతుంది. వెలుగు పడే వైపు చెంప గీతను ఒకచోట తెంచండి.

తప్పు పడితే తడి గుడ్డతో తుడవకండి, మరక పెద్దదవుతుంది. పూర్తిగా ఆరాక కొత్త బ్లేడు కొనతో పలచగా గీకి, చెంచా వీపుతో రుద్ది నున్నగా చేయండి. గీకిన చోట రంగు ఎక్కువగా ఇంకుతుంది కాబట్టి ఈ వైద్యం నీడ పడే చోట్లకే పనికొస్తుంది. ముఖం మీద తప్పు పడితే మళ్లీ కొత్త కాగితం మీద దించడమే మార్గం, ట్రేసింగ్ మీ దగ్గరే ఉంది కదా.

ఒక పూర్తి రోజు ఆరనివ్వండి, వానాకాలం అయితే రెండు రోజులు. తర్వాతే ఇరేజర్‌ను అద్దుతూ పెన్సిలు మచ్చలు తీయండి. రుద్దితే గీత నలుపు కూడా కొంత పోతుంది.

5. మొదటి పూత

బొమ్మ ఛాయ మొత్తం ఈ పూత మీదే ఆధారపడుతుంది. శనగగింజంత రా సియెన్నా, అందులో సగం రా అంబర్, నాలుగు టీ చెంచాల నీళ్లు. చిత్తుకాగితం మీద పూసి ఆరాక చూడండి. పాత పుస్తకం పేజీ రంగు కన్నా కాస్త లేతగా ఉండాలి. నీటిరంగు ఆరితే లేతబడుతుంది, తడిలో చూసి తీర్పు చెప్పకండి.

బోర్డు పైభాగం కింద రెండు పుస్తకాలు పెట్టి కాస్త వాలుగా ఉంచండి. చదును కుంచె నిండా తీసుకుని పై అంచున ఎడమ నుంచి కుడికి ఒక పట్టీ వేయండి. పట్టీ కింది అంచున నీటి గట్టు నిలుస్తుంది. తర్వాతి పట్టీ ఆ గట్టును తాకుతూ సాగాలి. చివర గట్టును ఆరిన కుంచెతో పీల్చేయండి, లేకపోతే అది వెనక్కి పాకి పూల రేకుల్లాంటి మరక అవుతుంది. వేసిన చోటికి మళ్లీ వెళ్లకండి. పూత తడిగా ఉండగానే ముఖం, రెక్కల అంచు, మంచు వెలుగు చోట్ల టిష్యూతో అద్ది రంగు తీయండి. నిమిషం దాటితే రంగు పట్టేస్తుంది.

ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణ, రాయలసీమ ఎండకు పూత సగం వేసేలోపే ఆరి పట్టీల అంచులు తేలతాయి. ఫ్యాను ఆపి, తెల్లవారుజామున పని చేయండి. ముందుగా కాగితాన్ని శుభ్రమైన నీళ్లతో తడిపి, మెరుపు తగ్గాక పూత వేస్తే మరీ మంచిది. కోస్తా వానల్లో చిక్కు ఇందుకు ఉల్టా. పొర పైకి ఆరినట్టు కనిపిస్తుంది, లోపల తడి ఉంటుంది. చేతి వీపు ఆనించండి, చల్లగా తగిలితే ఇంకా ఆగాలి.

6. మిగతా పొరలు

ఇక్కడి నుంచి ఐదారు పొరలు పడతాయి. ఒక్కో పొర కనీకనిపించనంత పల్చగా ఉండాలి, ఒక్కోటీ పూర్తిగా ఆరాలి.

రెండో పొర దూరానికి. రెండు వంతుల అల్ట్రామెరీన్, ఒక వంతు బర్న్ట్ సియెన్నా కలిపితే నీలి బూడిద వస్తుంది. వెనక చెట్ల మధ్య కాగితం తడిపి ఈ రంగును వదలండి, అదే పొగమంచు. కింద సిరా గీత ఉంది కాబట్టి రంగు గీత దాటి పారినా భయం లేదు. దాటితేనే బాగుంటుంది. మూడు బ్లాకులు కాస్త జరిగి పడ్డ పాత అచ్చుల్లోనూ రంగు గీతలో ఇమడదు. గీత లోపల జాగ్రత్తగా నింపిన రంగు ఈ బొమ్మను కలరింగ్ పుస్తకంగా మార్చేస్తుంది.

మూడో పొర నీడలకు: రా అంబర్‌లో కొంచెం అల్ట్రామెరీన్. వేళ్ల కింద, కొమ్మల మొదట్లో వేయండి. ఒక అంచు గట్టిగా ఉంచి, రెండో అంచును తడి కుంచెతో కలిపేయండి. నాలుగో పొరలో వస్తువుల రంగులు. ఆకులకు విరిడియన్ ఒక్కటే వాడితే ప్లాస్టిక్‌లా ఉంటుంది, సగం బర్న్ట్ సియెన్నా కలపండి. ఒంటికి రా సియెన్నాలో చుక్క క్రిమ్సన్, నీడ వైపు చాలా పల్చటి అల్ట్రామెరీన్. రెక్కలకు దాదాపు ఏమీ వద్దు. మొదట్లో క్రిమ్సన్ ఛాయ, కొనల్లో విరిడియన్ ఛాయ, మధ్యలో మొదటి పూతే మిగలాలి.

రంగు బురద అవుతుంటే కారణం రెండింటిలో ఒకటి. కింది పొర ఆరకముందే పైపొర వేశారు, లేదా కుంచెతో రుద్ది కింది రంగును లేపారు. పొరను ఒక్క తడుపులో వేసి వదిలేయాలి. ఒక పొరలో మూడు రంగులకు మించి కలిపినా ఇదే జరుగుతుంది. కాగితం మీద అక్కడక్కడా రంగు ఒక్కసారిగా ఇంకి నల్ల చుక్కలు తేలితే అది మీ చేతి తప్పు కాదు. తేమలో ఉంచిన కాగితం పైపూతను బూజు తినేసింది. ఆ షీట్లను చిత్తుపనికి వాడుకుని, కొత్తవాటిని సిలికా జెల్ పొట్లాలతో గాలి దూరని కవరులో ఉంచండి.

చివరి పొరకు ముందు బొమ్మను ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్‌లో ఫొటో తీసి చూడండి. ఫెయిరీ ముఖం దగ్గరే వెలుగునీడల తేడా ఎక్కువగా ఉండాలి. లేదంటే ముఖాన్ని ముట్టుకోకుండా దాని వెనకున్న చెట్టును ఇంకో పొరతో ముదురు చేయండి. ఆఖరున ఒకే ఒక్క ఘాటు రంగు: ఒక టోపీ, ఒక పండు, ఒక పుట్టగొడుగు తలమీద ఎరుపు. గోరంత చాలు. అంతటా మందగించిన రంగులున్నాయి కాబట్టి అది వెలుగుతుంది.

పువ్వుతో మొదలుపెట్టే దారి

బార్కర్ తరహాలో వేయాలనుకుంటే వరుస మారుతుంది. ముందు మొక్కను ఎదురుగా పెట్టుకుని వృక్షశాస్త్ర పుస్తకానికి గీసినంత కచ్చితంగా గీయాలి, ఫెయిరీ దుస్తులు ఆ మొక్క నుంచే రావాలి. అక్కడ మంచు తక్కువ, రంగు తేటగా ఉంటుంది, మొదటి పూత మరీ పల్చనవుతుంది. పారిజాతాన్ని తీసుకుంటే నారింజ రంగు కాడ కాళ్ల తొడుగులకు, మెలితిరిగిన తెల్ల రేకులు పావడాకు సరిపోతాయి. తెల్లవారేసరికి రాలిపోయే పువ్వు కాబట్టి రాత్రే కొమ్మ తెచ్చి నీళ్లలో పెట్టుకుని, రాలేలోపే గీయాలి. పువ్వును ఫెయిరీ ఎంత ఉంటే అంత పెంచి గీయడం ఇక్కడ పద్ధతి, అందుకే పిచ్చుకలాంటి కొలబద్ద అక్కర్లేదు.

స్కాన్, హక్కులు, భద్రం

టేపు కోసేటప్పుడు ఎదురెదురు వైపులు వరుసగా కోయకండి. పొట్టి వైపు ఒకటి, పక్కనున్న పొడవు వైపు, అలా చుట్టూ వెళ్లండి, లేకపోతే బిగువుకు కాగితం చిరగవచ్చు. 600 డీపీఐలో స్కాన్ చేసి, స్కానర్ ఆటో కరెక్షన్ ఆపేయండి. అది మొదటి పూతను మరకనుకుని తెల్లగా మార్చేస్తుంది. ముద్రణకు మెరుపులేని కోటెడ్ కాగితం ఎంచుకోండి.

పాత బొమ్మల్నే కాపీ చేసి అచ్చువేయాలనుకునేవాళ్లు సంవత్సరాలు చూసుకోవాలి. మన దేశంలో చిత్రకారుడు పోయిన ఏడాది తర్వాత 60 ఏళ్లు, బ్రిటన్‌లో 70 ఏళ్లు హక్కులుంటాయి. రాకమ్, గోబుల్ బొమ్మలకు రెండు చోట్లా గడువు తీరిపోయింది, డ్యులాక్ బొమ్మలకు కూడా. బార్కర్ బొమ్మలకు ఇక్కడ 2033 చివరి దాకా, బ్రిటన్‌లో 2043 చివరి దాకా హక్కులున్నాయి. ఆమె పద్ధతిలో మీ సొంత ఫెయిరీ వేసుకోవడానికి అడ్డులేదు, ఆమె బొమ్మను ఎత్తి టీషర్టు మీద వేయడానికి ఉంది.

అసలు బొమ్మను ఆనాటి పుస్తకాల్లోలాగే గోధుమ రంగు దళసరి కాగితం మీద అంటించవచ్చు. ఆ కాగితం ఆమ్లరహితమై ఉండాలి, ప్యాకింగ్ అట్ట అయితే కొన్నేళ్లలో బొమ్మ వెనక భాగం పసుపెక్కుతుంది. జిగురు పై అంచున మాత్రమే అర సెంటీమీటరు పట్టీగా రాయండి, నాలుగు వైపులా రాస్తే తేమ మారినప్పుడల్లా బొమ్మ ఉబ్బుతుంది. గోధుమ స్టార్చ్ గంజి గాని, మిథైల్ సెల్యులోజ్ గాని వాడండి. మైదా ఉడికించిన జిగురు వద్దు, పురుగులు దానికోసమే వస్తాయి. ఫ్రేము కట్టిస్తే అద్దం బొమ్మకు తగలకుండా మధ్యలో మౌంటు (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట చట్రం) ఉండాలి, ఎండ పడని గోడకు వేలాడదీయాలి. బయటి గోడ వానకు చెమ్మగిల్లే ఇల్లయితే లోపలి గోడే ఎంచుకుని, ఫ్రేము వెనక నాలుగు మూలలా చిన్న బెండు ముక్కలు అంటించండి, గాలి ఆడుతుంది.